రెండు చుక్కలంటే ఎక్కడున్నా సరే

ఆ రోజు పాప తల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పాప నిద్రపోతుంది. నలభై నిమిషాల దాకా లేవదు. ఈలోగా పద్దెనిమిదో నంబరు పెట్టె విప్పి, అందులోంచి తన పదో తరగతి సర్టిఫికెట్ తీయాలి. పాప లేవగానే చంకనేసుకుని దూరవిద్య కేంద్రానికి వెళ్ళి, దరఖాస్తు ఇచ్చేసి, భోజనం వేళకి ఏమీ ఎరగనట్టు ఇంట్లో ఉండాలి. అత్తగారికి తెలియకూడదు. గడువు ఆ సాయంత్రం నాలుగింటి దాకానే.

పదకొండో తరగతి మధ్యలో బడి మానేసి ఏడేళ్ళయింది. కిటికీ పక్కన మూడో బల్ల ఆమెది. ఇప్పటికీ పాపకి పాలు పడుతున్నప్పుడు ఆ బల్ల మీది గరుకు వేళ్ళకి తగులుతున్నట్టే ఉంటుంది. ఈసారి తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. అప్పటికి పాపకి నడక వస్తుంది. నడకొచ్చిన పిల్ల వెనక పరిగెత్తేవాళ్ళ చేతిలో పుస్తకం నిలుస్తుందా?

ముందుగదిలో నలభై ఒక్క అట్టపెట్టెలున్నాయి. ఈ వాటాలోకి వచ్చి మూడు వారాలైనా అవి పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. సర్దింది ఆమె భర్త. ఇళ్ళ సామాన్లు కట్టి చేరవేసే కంపెనీలో అతని పని అదే. అతను వేసిన ముడి మళ్ళీ అతను విప్పితేనే వస్తుందని పేరు. అందుకే కంపెనీలో అంతా ముడిమాస్టారంటారు. ఆమె పెళ్ళికి ముందు అదే కంపెనీలో పెట్టెలకి చీటీలు అంటించేది. ఆమె చీటీ అంటించాక అతను ముడి వేసేవాడు. అలా ముడిపడింది.

సొంత సామాను దింపిన మూడో రోజునే కంపెనీ అతన్ని ఒక పెద్ద సరుకుకి కాపలాగా ఓడెక్కించింది. ఒడ్డు చేరడానికి ఇంకా నాలుగు వారాలు. నడిసముద్రంలో ఫోను మోగదు.

పాలసీసాలు, గిన్నెలు, బట్టలు, పక్కలు ఉన్న నాలుగు పెట్టెలు తప్ప ఆమె ఇంకేవీ విప్పలేదు. అత్తగారు దాన్ని బద్ధకం అనుకుంది. కింద ఉండే ఓనరమ్మ కూడా బద్ధకమే అనుకుంది. నిజానికి ఆమెకి చెయ్యి రాలేదు. ప్రతి తాడు మీదా అతని చేతి మెలిక అలాగే ఉంది. విప్పితే తాడు మిగులుతుంది, మెలిక పోతుంది.

ఏ వస్తువు ఎక్కడుందో తెలియడానికి అతను ఆమె ఫోనులో ఒక జాబితా పెట్టి వెళ్ళాడు. అలాంటి ఫైలుని జేసన్ అంటారట. మనిషి పేరులా ఉంటుంది గానీ, అది పెట్టెలో పెట్టె, అందులో డబ్బా, డబ్బాలో కవరు అన్నట్టు ఒకదానిలో ఒకటి రాసుకునే పద్ధతి. వెళ్ళే రోజు గుమ్మంలో నిలబడి, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ చెప్పాడు.

"దారి రాస్తే చాలు, వస్తువు పేరు అదే చెప్తుంది. డాలరు గుర్తంటే మన గుమ్మం. చుక్క అంటే 'దాని లోపల'. బ్రాకెట్లో అంకె వేస్తే ఎన్నోదో చెప్పినట్టు. లెక్క మాత్రం సున్నా నుంచి."

"సున్నా నుంచి ఎందుకు?"

"ఎందుకో నాకూ తెలీదు. పెట్టె మీద పద్దెనిమిది ఉంటే నువ్వు పదిహేడు రాయి, అంతే. దారి తెలియకపోతే రెండు చుక్కలు పెట్టు. రెండు చుక్కలంటే 'ఎక్కడున్నా సరే' అని."

ఇంకేదో చెప్పబోయాడు. లారీవాడు హారన్ కొట్టాడు.

పాప పడుకున్నప్పుడల్లా జాబితా తిరగేసి, వారానికి ఆమె ఒక దారి పట్టింది. ఆ దారిని క్యాలెండరు వెనక రాసుకుంది: $.పెట్టెలు[17].లోపల[2].లోపల[0].పేరు. అంటే పద్దెనిమిదో పెట్టె, అందులో మూడో వస్తువైన బిస్కెట్ల డబ్బా, దానిలో మొదటిది. ఫోను ఇచ్చిన జవాబు, "సర్టిఫికెట్, పదో తరగతి". ఆ తర్వాత ఇంకో మాట ఉన్నట్టుంది గానీ, ఫోను అద్దం ఆ మూల పగిలిపోయి నల్లగా ఉంటుంది. చూడాల్సింది చూశాననుకుంది.

తొమ్మిదింబావుకి పద్దెనిమిదో పెట్టె దగ్గరికి చేరింది. నంబరు గోడవైపు తిరిగి ఉంది. తిప్పి చూస్తే తాడు లేదు. మూత తెరిస్తే డబ్బా లేదు, మడతపెట్టిన దుప్పట్లున్నాయి. ఆమె మళ్ళీ క్యాలెండరు చూసింది, మళ్ళీ పెట్టె చూసింది. దారి సరిగ్గానే ఉంది. ఊరే లేచిపోయింది.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?" అత్తగారు వెనకే నిలబడి ఉంది.

"అబ్బే, ఏం లేదత్తయ్యా."

"ఏం లేనిదానికి పెట్టెలో తల పెడతారా ఎవరైనా? ఏం కావాలో చెప్పు, నేను సర్దాగా అవన్నీ."

"మీరు సర్దారా!"

"మరి? నువ్వు పాపకి స్నానం చేయిస్తుంటే రోజుకొకటి విప్పుతున్నా. దొంతర పిల్ల మీద పడితే ఎవరిది పూచీ? ఇందులోది అందులో, అందులోది ఇందులో పెట్టి బరువు సమంగా చేశా. ఇప్పుడు ఏనుగెక్కినా కదలవు."

ఒకటో నంబరు పెట్టె సంగతి ఆమెకి తెలుసు. పది రోజుల కిందటే అత్తగారు దాన్ని ఖాళీ చేసి పాపని కూర్చోబెట్టే బండి చేసింది. పాప అందులో రాణిలా కూర్చుంటుంది కాబట్టి ఆమె పల్లెత్తు మాట అనలేదు. ఆ తాడు మాత్రం తీసి దాచుకుంది. మిగతావి కూడా విప్పుతోందని తెలియదు.

"కాగితమత్తయ్యా," అంది చివరికి. "పాప టీకాల కాగితం."

"అదా!" అని అత్తగారు వంటింట్లోకి వెళ్ళి, గోడకి తగిలించిన సంచిలోంచి క్షణంలో కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. "ఇంతేనా? దీనికింత హైరానా?"

అది దొరికినందుకు ఆమె సంతోషం నటించాల్సి వచ్చింది. అత్తగారు పోయిన వారం పైవాటా కంప్యూటరమ్మాయిని చూసి, "చదివి చదివి కళ్ళు పోగొట్టుకోవడమే గానీ ఏం సుఖం?" అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉంది. అలాంటావిడకి చదువు సంగతి ఎలా చెప్తుంది? రెండో అబద్ధం ఆడింది.

"ఇంకోటి కూడా కావాలత్తయ్యా. కుట్టు మిషను గ్యారంటీ కాగితం. బిస్కెట్ల డబ్బాలో పెట్టానన్నారు మీ అబ్బాయి."

"సూదులూ దారాలూ ఉన్న డబ్బానా? ఓనరమ్మ బొత్తాం కావాలంటే ఇచ్చానే మొన్న."

ఆ మాటతో పాప లేచింది. ఇరవయ్యో నిమిషం.

పాప స్నానమూ, వంటా తెమిల్చి, పాపని చంకనేసుకుని ఆమె కిందికి దిగేసరికి పన్నెండైంది. ఓనరమ్మ మెట్ల కింద కుళాయికి గుడ్డ చుడుతోంది. పొద్దున్నుంచీ పైన పెట్టెలు జరుగుతున్న చప్పుడు విని ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చేసింది.

"ఖాళీ చేస్తున్నారా?" అంది తల ఎత్తకుండానే.

"డబ్బా ఖాళీ చేశారా అని అడగడానికి వచ్చానండీ."

"అదే, ముందు డబ్బాలు అడుగుతారు, తర్వాత బండి వస్తుంది. మూడు వారాలైనా సామాను విప్పలేదంటేనే అనుకున్నా. నీళ్ళ గురించే కదా? ఈ కుళాయి ఇవాళే బాగుచేయిస్తా. సుత్తి ఉంటే నేనే చేసేదాన్ని, ఎటు పోయిందో ఏమో."

"కుళాయి కాదండీ, కాగితం. డబ్బాలో కాగితం."

ఓనరమ్మ ముఖం పాలిపోయింది. కాగితమంటే అద్దె ఒప్పందమే అనుకుంది. "ఒప్పందం కాగితం దాకా వెళ్ళారా! డబ్బా టైలరు దగ్గరుంది. నా కోటుకి బొత్తాం సరిపోల్చుకుంటానంటే ఇచ్చా. వెళ్ళు తల్లీ, తెచ్చుకో. నేను మీ అత్తగారితో మాట్లాడతా."

ఆమె వీధిలోకి నడిచింది. దారి పొడుగవుతోంది. $.అత్తయ్య.ఓనరమ్మ.టైలరు.డబ్బా. ఒక్కో చుక్క దగ్గరా ఒక మనిషి, ఒక్కో మనిషి దగ్గరా ఒక అబద్ధం. నాలుగిళ్ళ అవతల టైలరు కొట్టుకి తాళం. భోజనానికి వెళ్ళాడట. భోజనమయ్యాక కునుకు తీస్తాడట. పాపకి నీడలో నిలబడి పాలు పట్టింది, పక్క కొట్టు అద్దంలో తన ముఖం తానే చూసుకుని బెదిరింది, ఎదురింటి మెట్ల మీద కూర్చుంది. అతనే ఉంటే ఈపాటికి నవ్వేవాడు. "దారి తప్పలేదు, దారే నీ వెంట వస్తోంది" అనేవాడు. అతని మాటలు అతను లేకుండా తానే కల్పించుకోవడం ఈ మూడు వారాల్లో అలవాటైపోయింది.

ఒకటిన్నరకి టైలరు వచ్చాడు. ముసలాయన, నోట్లో రెండు గుండుసూదులతోనే మాట్లాడతాడు.

"డబ్బానా? ఇదిగోనమ్మా, బొత్తాలన్నీ భద్రంగా ఉన్నాయి."

"లోపల ఒక కవరుండాలి. కాగితం."

"ఓ, అదా! ఖాళీ కాగితమనుకున్నా. వెనకవైపు తెల్లగా ఉందిగా. గట్టి కాగితమమ్మా, కాలరు ఎంత బాగా నిలబడిందో చూడండి." అని గోడ మీది మేకు నుంచి రెండు ముక్కలు తీసి బల్ల మీద పరిచాడు. చక్కగా, గుండ్రంగా, కాలరు ఆకారంలో కత్తిరించినవి. ఎడమ కాలరు మీద పదహారేళ్ళ పిల్ల బుగ్గ, సగం జడ. కుడి కాలరు మీద "ఉత్తీర్" దాకా ఉంది.

ఆమె ఏడ్చింది. గొంతు పైకెత్తి, వీధి వినేలా ఏడ్చింది. తల్లిని చూసి పాప అందుకుంది. టైలరు నోట్లోంచి గుండుసూదులు రాలిపడ్డాయి.

"ఏం కాగితమమ్మా అది?"

"కుట్టు... కుట్టు మిషను గ్యారంటీ."

"మిషను గ్యారంటీకి ఇంత ఏడుస్తారా! నా మిషనుకి గ్యారంటీ పోయి ముప్పై ఏళ్ళయింది, నేనెప్పుడైనా ఏడ్చానా?" అని, కొట్టు అలాగే వదిలేసి, కాలర్లు రెండు చేతుల్లో పట్టుకుని వెంట బయల్దేరాడు.

ఇంటికి వచ్చేసరికి రెండుంబావు. ముందుగదిలో అత్తగారు పెట్టె మీద కూర్చుని ఉంది, ఒళ్ళో తన చేతిసంచి, కాళ్ళకి చెప్పులు. పక్కన ఓనరమ్మ ఓదారుస్తోంది.

"నువ్వు ఖాళీ చేసి పుట్టింటికి వెళ్ళక్కర్లేదమ్మాయ్," అంది అత్తగారు, ఎటో చూస్తూ. "నేనే వెళ్తా. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. మూడు వారాలుగా పెట్టెలు విప్పట్లేదంటే ఏమిటో అనుకున్నా. ఎప్పుడైనా కట్టుకుని పోవచ్చనే కదా. అందుకే ఒక్కోటీ విప్పేశా. అన్నీ విప్పేస్తే నువ్వెళ్ళలేవని."

"ఎవరు వెళ్తున్నారత్తయ్యా?" పాప తల్లికి ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

"వదినగారూ, నేనప్పుడే చెప్పాగా, కుళాయి వల్లేనని," అంది ఓనరమ్మ.

"మిషను గ్యారంటీ అమ్మా, కుళాయి కాదు," అన్నాడు టైలరు గుమ్మంలోంచి.

అప్పుడు పైవాటా కంప్యూటరమ్మాయి మెట్లు దిగి వచ్చింది, చేతిలో తెరిచిన ల్యాప్‌టాప్. "అక్కా, ఏమైంది? మా మీటింగులో అందరూ మీ ఏడుపు విన్నారు. మా మేనేజరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు."

ఇంకా అబద్ధం ఆడే ఓపిక పాప తల్లికి లేదు. పాపని బండిపెట్టెలో కూర్చోబెట్టి, టైలరు చేతిలోని కాలర్లు చూపించి, "ఇది నా పదో తరగతి సర్టిఫికెట్," అంది. "ఇవాళ నాలుగింటిలోగా అసలుది చూపిస్తే దూరవిద్యలో చేర్చుకుంటారు. పన్నెండు పూర్తి చేద్దామనుకున్నా. అయిపోయింది. కాలరైపోయింది."

అత్తగారు చేతిసంచి పక్కన పెట్టింది. "చదువుకోవడానికా?" అంది. "దానికి నా దగ్గర దాపరికమేమిటి?"

"చదివితే కళ్ళు పోతాయన్నారుగా."

"అది ఈ పిల్లని. కళ్ళజోడు పెట్టుకోమంటే వినదు."

కంప్యూటరమ్మాయి కాలరుని వెలుతురులో పెట్టి చూసింది. "అక్కా, ఇది కలర్ జిరాక్సు లాగుందే? ముద్ర మీద చెయ్యి పెడితే తగలట్లేదు. మీ ఫోనులో పెట్టెల జాబితా ఉందని చెప్పారుగా, అది ఇటు పంపండి."

క్యాలెండరు వెనక చూసి, పెద్ద తెర మీద అదే దారి రాసింది. జవాబు ఈసారి పూర్తిగా కనిపించింది: "సర్టిఫికెట్, పదో తరగతి, జిరాక్సు". పాప తల్లి తన ఫోను పగిలిన మూలని తిట్టుకోవాలో ముద్దు పెట్టుకోవాలో తెలియక అలాగే చూసింది.

"మరి అసలుది?"

"దారి తెలియదు కదా. రెండు చుక్కలు పెడదాం." $..పేరు అని కొట్టింది అమ్మాయి. ఎక్కడున్నా సరే, ఎంత లోపలున్నా సరే, పేరు అన్నవన్నీ వచ్చిపడ్డాయి. వెయ్యీ వంద పేర్లు. గరిటె నుంచి గొడుగు దాకా ఉన్నాయి, ఇంకో సర్టిఫికెట్ మాత్రం లేదు. గోడ గడియారంలో రెండున్నర దాటింది.

"అక్కా, కొన్నిటికి పేరు కిందే 'గమనిక' అని ఇంకో గడి ఉంది. చూశారా ఎప్పుడైనా?"

"లేదు."

అమ్మాయి $..గమనిక అని కొట్టింది. అరవై మూడు వాక్యాలు బారులు తీరాయి.

"పైకి చదువు, నాకు కళ్ళజోడు లేదు," అంది అత్తగారు. అమ్మాయి అడుగునున్న వాక్యం నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది, రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు, ఏ రాగమూ లేకుండా.

"'ఇది విరగ్గొట్టింది నేనే. ఇన్నాళ్ళూ పిల్లి మీద పెట్టాను.'"

"ఏది విరగ్గొట్టాడు?" అత్తగారు లేచి నిలబడింది. "ఆ పిల్లిని అప్పట్నుంచి గడప తొక్కనివ్వలేదే నేను!"

"ఏదో తెలీదాంటీ. ఇలా అడిగితే లోపలున్న మాట మాత్రమే వస్తుంది, ఏ వస్తువు గురించో రాదు. తర్వాతది. 'బాగా పాతది. బరువు. మెల్లగా కదిలించాలి, లేకపోతే గోల పెడుతుంది.'"

అత్తగారు మళ్ళీ కూర్చుంది. "కన్నకొడుకు," అంది ఓనరమ్మతో, "కన్నకొడుకు రాసిన మాటలు వదినగారూ."

"మీ గురించి కాదత్తయ్యా, టేబుల్ ఫ్యానేమో!"

"'కర్టెన్లు పొట్టివయ్యాయి. ఈ వీధి టైలరు వేరేవాళ్ళ కిటికీ కొలిచాడేమో.'"

అందరూ టైలరు వైపు తిరిగారు. "కొలత సరైనదే," అన్నాడు ఆయన గంభీరంగా. "తర్వాత కిటికీ పెరిగింది."

"'ఓనరమ్మది. తిరిగి ఇవ్వాలి.'"

"ఏది?" ఓనరమ్మ గొంతు లేచింది. "సుత్తేనా? నా సుత్తి! పాపం ఆ కుళాయివాణ్ణి అనుమానించి పనే మానిపించా! ఆగండి, నా ఇనప నిచ్చెన కూడా కనపడట్లేదు. పెట్టెలో నిచ్చెన పడుతుందా?"

"పెట్టెలో నిచ్చెన ఎలా పడుతుందండీ?"

"ముడిమాస్టారు కదా, మడతపెట్టేసి ఉంటాడు."

అమ్మాయి ఆగకుండా చదువుతూనే ఉంది. పాప తల్లి ఒక్కో వాక్యానికీ నవ్వబోయి ఆగుతోంది. మూడు వారాలుగా తానే కల్పించుకుంటున్న గొంతు ఇప్పుడు నిజంగా వినిపిస్తోంది, ఎవరిదో గొంతులోంచి, రాగం లేకుండా. అతను రాత్రింబవళ్ళు సామాను కడుతూ, దింపుతూ, తనతో మాట్లాడే తీరిక లేక, పెట్టెలతో మాట్లాడాడు.

"'దీన్ని ఉతకొద్దు. పాప పుట్టిన రోజు వాసన ఇంకా ఉంది.'"

పాప తల్లి వంగి పాప తల వాసన చూసింది.

"'ముడి గట్టిగా పడింది. తను విప్పదు, నాకు తెలుసు. కోసేయమని చెప్పి వెళ్ళాలి.'"

అమ్మాయి గొంతు అక్కడ కొంచెం తడబడింది. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అతను చెప్పబోయిన మాట, లారీ హారన్లో కలిసిపోయిన మాట, అది. పాప తల్లి గోడవైపు తిరిగింది. అత్తగారు విప్పని పెట్టెల వైపు చూసింది, వాటి మీది ముడుల వైపు చూసింది, తర్వాత కోడలి వీపు వైపు చూసింది. నెమ్మదిగా చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"పిచ్చిపిల్లా," అంది. "ముడుల కోసమా విప్పనిది?"

"ఇంకోటి అక్కా," అంది అమ్మాయి. "'అసలుది ఇదే. తను అడగదు. అడిగిన రోజు ఇవ్వాలి.'"

"దాని దారి!" అంది పాప తల్లి, గిరుక్కున తిరిగి. "మాట చాలు, దారి చెప్పు. అది ఏ పెట్టెలోది?"

అమ్మాయి ఏదో మార్చి కొట్టింది. "$.పెట్టెలు[0].లోపల[0]. మొట్టమొదటి పెట్టె, అందులో అన్నిటికన్నా పైన. దీని పేరేమో 'తనది' అని రాశారు. సర్టిఫికెట్ అని వెతికితే ఎలా దొరుకుతుంది?"

సున్నా అంటే ఒకటి. అందరూ ఒకటో నంబరు పెట్టె వైపు చూశారు. అందులో పాప కూర్చుని అట్ట అంచు కొరుకుతోంది.

"ఖాళీ చేసేశారుగా," అంది పాప తల్లి నీరసంగా. "అందులోవి ఎక్కడ సర్దారో ఏమో."

అత్తగారు లేచి లోపలికి వెళ్ళింది. తన దిండు తెచ్చింది. గలీబులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక పొడవాటి కవరు తీసింది.

"ఇదేనా?"

ఇదే. ముద్ర మీద వేలు పెడితే తగిలింది.

"మీ దగ్గరే ఉందా అత్తయ్యా! మరి పొద్దున చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా! టీకాల కాగితమన్నావు, టీకాల కాగితమిచ్చా. మిషను కాగితమన్నావు, డబ్బా ఎక్కడుందో చెప్పా. ఇదెప్పుడడిగావు నువ్వు? ఆ చిన్న అక్షరాలు నాకెక్కడ కనపడతాయి, నీ ఫోటో ఒక్కటే కనిపించింది. నీ ఫోటో ఉన్న కాగితం నేనెక్కడ పెడతాను? తల కిందే."

ఓనరమ్మ ముక్కు చీదింది. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టైంది," అంది. ఆ మాటకి పాప తల్లి అలవాటుగా చంక తడుముకుంది.

కవరులో ఇంకో కాగితం కూడా ఉంది. దూరవిద్య దరఖాస్తు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, పాత బడి పేరు, అన్నీ పెట్టెల మీద అతను నంబర్లు వేసే ఆ లావు అక్షరాలతో నిండి ఉన్నాయి. సంతకం గడి ఒక్కటే ఖాళీగా వదిలాడు.

మూడుంబావు.

"పాపని ఇటియ్యి," అంది అత్తగారు.

"పాలు పట్టాలి, తర్వాత నీళ్ళు, ఎడమవైపు పడుకోబెడితేనే పడుకుంటుంది, దోమ వాలితే..."

"నీ మొగుణ్ణి పెంచింది నేనే. వెళ్ళు."

పాపని ఒక్క గంటైనా వదిలి వెళ్ళడం అదే మొదటిసారి. వీధి మలుపు దాకా వెనక్కి చూస్తూనే నడిచింది, ఆ తర్వాత పరిగెత్తింది. దూరవిద్య కేంద్రంలో గుమాస్తా కిటికీ తలుపు సగం మూసేశాడు. ఆమె కవరు ఆ సందులో పెట్టింది.

"ఇంత ఆలస్యంగానా అమ్మా?"

"ఏడేళ్ళండీ," అంది ఆమె, ఆయాసపడుతూ.

గుమాస్తా గడియారం చూసుకున్నాడు. ఎనిమిది నిమిషాలుంది. సంతకం చేయమని పెన్ను ఇచ్చాడు. ఆ లావు అక్షరాల పక్కన తన పేరు సన్నగా పడింది. ముద్ర గట్టిగా పడింది.

చీకటి పడకముందే ఇల్లు చేరింది. పాప అత్తగారి ఒళ్ళో ఎడమవైపు తిరిగే నిద్రపోతోంది. అత్తగారు కత్తెర అందించింది. ఆమె ఏడో నంబరు పెట్టె ముందు కూర్చుంది గానీ కత్తెర వాడలేదు. పళ్ళతో పట్టి, గోళ్ళతో లాగి, అరగంట సేపు కుస్తీపడి అతని ముడి విప్పింది. విప్పేటప్పుడు అది ఏ వైపు నుంచి ఎటు తిరిగిందో చూసి నేర్చుకుంది.

తర్వాత ఫోను తీసి, జాబితాలో పెట్టెలన్నిటికన్నా పైన, సరిగ్గా గుమ్మం పక్కన, కొత్తగా ఒకటి చేర్చింది. పేరు: అత్తయ్య. లోపల: అన్నీ. గమనిక: ముందు ఇక్కడ అడగాలి. ఓడ ఒడ్డు చేరాక అతను చూస్తాడు.

సుత్తి మాత్రం ఇంకా దొరకలేదు.